కడపటి చక్రము

కర్మన్‌ఘాట్ అను పేరు ఎట్లు వచ్చినదో తెలుపు కథ యొకటి హైదరాబాదు తూర్పు భాగపు జనుల నోట నిలిచియున్నది. అచటి ధ్యానాంజనేయస్వామి ఆలయముతో ముడివడిన ఆ కథ ననుసరించి, 'మనస్సును దిట్టపరచుకొనుము' అను అర్థముగల హిందూస్థానీ పలుకే కాలక్రమమున ఊరి పేరైనదట. చరిత్రకారులు దీని నంగీకరించినను అంగీకరింపకున్నను, పిల్లలకు బోధింపదగిన పలుకు గదా యది! ఒకప్పుడు నగరమునకు వెలుపలి పల్లెగా నుండిన ఆ చోటు నేడు మహానగరములో కలిసిపోయినది. ఎల్బీనగర్ కూడలి దానికి చేరువనే కలదు. ఆ కూడలినుండి తూర్పుగా సాగిన రహదారి విజయవాడకు పోవును. సాగరు రోడ్డు పట్టి దక్షిణముగా పోయినవారు నాగార్జునసాగరము చేరుదురు. దూరప్రయాణములకు వాకిలి వంటి తావు. అయినను, ఆ వాకిట సైకిలుతో నిలిచిన బడిపిల్లవాడు ఎదుటి ప్రక్కకు దాటుటకే మనస్సును దిట్టపరచుకొనవలసి వచ్చుచున్నది.

దేశమును ఈ కొననుండి ఆ కొనవరకు సైకిళ్లపై దాటివచ్చిన బృందములను గూర్చి పత్రికలలో అప్పుడప్పుడు వార్తలు కనబడుచుండును. చదివినవారు అడుగు ప్రశ్నలు మూడు: ఎన్ని కిలోమీటర్లు? ఎన్ని దినములు? ఎవరు మొదట చేరిరి? నాలుగవ ప్రశ్న యొకటి కలదు. దానిని అడుగువారు అరుదు. అందరికంటె వెనుక వచ్చినవాడు ఎప్పుడు చేరెను, వాని కొరకు ఎవరు నిలిచిరి? ఒంటరిగా పోవువానికి ఈ ప్రశ్నతో పనిలేదు. పందెగానికిని లేదు. బృందముగా బయలుదేరినవారికి మాత్రము దీనిని మించిన ప్రశ్న లేదు. ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ నాలుగవ ప్రశ్నయే మిక్కిలి ఉపకరించును.

ఈ ప్రశ్నకు అర్థమును చూపిన యాత్ర యొకటి హైదరాబాదు వారి పూనికతోనే జరిగినది. ఒక రహదారి ప్రమాదమున కాలు కోల్పోయి, కృత్రిమ పాదముతో మరల సైకిలెక్కి, 2013లో ఆసియా పారా సైక్లింగు పోటీలలో రజత పతకములు గడించిన ఆదిత్య మెహతా ఈ నగరవాసి. ఆయన పేరిట నెలకొన్న సంస్థ, అవయవములు కోల్పోయినవారికిని, విధి నిర్వహణలో గాయపడిన భద్రతా దళములవారికిని క్రీడలలో శిక్షణ నిచ్చుచున్నది. 2020 నవంబరులో ఆ సంస్థ సరిహద్దు భద్రతా దళముతో కలిసి కాశ్మీరమునుండి కన్యాకుమారికి సైకిలు యాత్ర నడిపెను. దూరము సుమారు 3,800 కిలోమీటర్లు. కాలము ఇంచుమించు ఆరు వారములు. అవయవములన్నియు సక్రమముగా నున్నవారును, ఒంటి కాలితో పెడలు త్రొక్కువారును ఒకే త్రోవలో, ఒకే బృందముగా ఆ సంవత్సరము చివరకు సముద్రతీరమును చేరిరి.

విద్యార్థులు దీనిని లెక్కగా వేసి చూడవచ్చును. 3,800 కిలోమీటర్లను 42 దినములకు పంచినచో దినమునకు సుమారు 90 కిలోమీటర్లు వచ్చును. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున నడిపినచో ఆరు గంటల శ్రమ. వారమునకొక దినము విశ్రాంతి కోరినచో మిగిలిన దినములు 36. అప్పుడు దినమునకు 105 కిలోమీటర్లకు మించి పోవలెను, శ్రమ ఏడు గంటలగును. కాగితముపై ఈ లెక్క సులభమే. కాని ఆ 15 అను అంకె ఎవరి వేగము? బృందములో మిక్కిలి బలిష్ఠుడు గంటకు 25 కిలోమీటర్లు పోగలడు. ఒంటి కాలితో ఎత్తు ఎక్కువాడు 10 దాటలేకపోవచ్చును. ఒకే కాలు గలవాడు పెడలును క్రిందికి నొక్కుట చాలదు. పాదరక్షను పెడలునకు బిగించుకొని పైకి లాగుట కూడ అభ్యసింపవలెను. కాళ్లు స్వాధీనములో లేనివారు చేతులతో త్రిప్పు సైకిలును నడుపుదురు. ఇందరికి సరిపడు వేగమును నిర్ణయించుటలో సగటు లెక్క పనికిరాదు. వెనుకవాని వేగమే బృందపు వేగము. ఈ ఒక్క సూత్రమును అంగీకరింపలేనివాడు ఎంతటి బలశాలియైనను బృందయాత్రకు తగడు.

ఇది దయాధర్మమునకు సంబంధించిన మాట యని కొందరు తలపవచ్చును. ప్రకృతిశాస్త్రము కూడ ఇదే చెప్పుచున్నది. సైకిలు నడుపువానికి సమతలముపై పెద్ద అడ్డంకి గాలి. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగింతలగును. ముందున్నవాడు గాలిని చీల్చుకొనిపోగా, వానికి దగ్గరగా వెనుక వచ్చువానికి ఆ నిరోధము చాలవరకు తగ్గును. వేగముగా పోవునపుడు వాని శ్రమలో నాలుగవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె హెచ్చుగా మిగులును. కావున అనుభవము గల బృందములు ముందు స్థానమును వంతులవారీగా పంచుకొందురు. కొంతసేపు ముందు నడచినవాడు ప్రక్కకు తొలగి వరుస చివరకు వచ్చును. రెండవవాడు గాలికి ఎదురొడ్డును. మరియొక అనుభవశాలిని కడపటి స్థానమున నియమింతురు. వానిని దాటి వెనుక ఎవరును మిగిలియుండరాదు. పంక్చరు పడినను, గొలుసు తెగినను, ఒకరికి కళ్లు తిరిగినను మొదట చేరుకొనువాడు వాడే. పంపు, ట్యూబు, పానాలు, మందుల సంచి వాని వద్దనే యుండుట మేలు. నాయకుడన ముందు పోవువాడు మాత్రమే యను భ్రమను ఈ ఏర్పాటు తొలగించును. ఆ యాత్రకు నాయకు లిరువురు: త్రోవ చూపువా డొకడు, ఎవరిని విడువనివా డొకడు.

కర్మన్‌ఘాట్ ఆలయమున వెలసిన దేవుని కథలో ఈ నీతి ముందే కలదు. రామాయణ మనగానే హనుమంతుడు సముద్రమును లంఘించుట అందరికి స్ఫురించును. ఆ లంఘనము ఒక బృందయాత్రకు ముగింపు అను సంగతి మరుగుపడినది. అంగదుని నాయకత్వమున దక్షిణ దిక్కునకు బయలుదేరిన వానరులు అడవులు వెదకి, గుహలలో చిక్కి, గడువు దాటిపోగా సముద్రతీరమున నిరాశతో కూలబడిరి. పిమ్మట ఎవరెంత దూరము దుమకగలరను విచారణ జరిగెను. గజుడు పది యోజనములనెను. గవాక్షుడు ఇరువది యనెను. వృద్ధుడైన జాంబవంతుడు తొంబది వరకు పోగల ననెను. అంగదుడు నూరు యోజనములు పోగలను, తిరిగి రాగలనో లేదో చెప్పజాలననెను. పది యన్నవాడు సిగ్గుపడలేదు. నూరన్నవాడు తన సందేహమును దాచలేదు. హనుమంతుడు ఒక మూల మౌనముగా కూర్చుండగా, వాని బలమును వానికి గుర్తుచేసినవాడు తాను దాటలేని ముసలి జాంబవంతుడు.

బృందముగా దూరము పోదలచినవారికి ఇంతకు మించిన పాఠము లేదు. బయలుదేరుటకు ముందే ప్రతివాడును తన శక్తి యెంతో నిజముగా చెప్పవలెను. తక్కువ చెప్పినవానిని ఇతరులు హేళన చేయరాదు. ఎక్కువ శక్తి గలవాడు అది తన సొత్తు అని భావింపరాదు. నేటి తరగతి గదిలో ఈ నిజాయితీకి చోటు తగ్గిపోయినది. లెక్క రాని పిల్లవాడు వచ్చినట్లు నటించును. దూరమును చూడలేని బాలిక నల్లబల్ల కనబడుచున్నదని తలయూపును. మార్కుల వరుసలో పది యోజనముల వానికి స్థానము లేదని వారికి తెలియును. అట్టి పిల్లలు సైకిలు బృందములో అర దినము గడపినచో, 'నా వల్ల కాదు, కొంచె మాగుడు' అనుట నేరము కాదని మొదటిసారి గ్రహింతురు.

ధైర్యము వేరు, బృందధర్మము వేరు అని చెప్పుటకు చరిత్రలో రెండు నిదర్శనములు గలవు. 1923 అక్టోబరు 15వ తేదీన బొంబాయి వెయిట్‌లిఫ్టింగు క్లబ్బునకు చెందిన ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై ప్రపంచమును చుట్టివచ్చుటకు బయలుదేరిరి. ఒకరు టెహ్రానునుండి వెనుదిరిగిరి. అమెరికా చేరిన పిమ్మట మరి యిరువురు విడివడిరి. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గారా అను మువ్వురు మాత్రము ఎడారులు, అడవులు, మంచు కనుమలు దాటి, సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి, 1928 మార్చిలో బొంబాయి చేరిరి. పరాధీన దేశమున పుట్టిన యువకులు మంచి రోడ్లును, గేర్లును లేని కాలమున సాధించిన ఆ ఘనకార్యమును తలచినపుడు గర్వము కలుగక మానదు. అయినను అది అసాధారణులు చేయదగిన సాహసము. నాలుగున్నర సంవత్సరముల జీవితమును త్రోవకు అర్పింపగలవారు ఎందరుందురు?

సాధారణ జనులు దేశమును దాటుటకు మార్గము చూపిన ఘటన 1976లో అమెరికాలో జరిగినది. ఆ దేశ స్వాతంత్ర్యమునకు రెండు వందల సంవత్సరములు నిండిన సందర్భమున, పడమటి తీరముననున్న ఆస్టోరియా నుండి తూర్పు తీరపు యార్క్‌టౌన్ వరకు, సుమారు 6,800 కిలోమీటర్ల సైకిలు మార్గమును గుర్తించి, దానిపై యాత్ర ఏర్పాటు చేసిరి. నాలుగు వేలమందికి పైగా అందు పాల్గొనిరి; సుమారు సగముమంది పూర్తి దూరమును దాటిరి. చిన్న చిన్న జట్లుగా విడిపోయి, ఒక్కొక్క జట్టునకు శిక్షణ పొందిన నాయకుని నియమించుకొని, త్రోవలోని బడులలోను, ప్రార్థనాలయములలోను, గుడారములలోను బసచేసిరి. అందు పాల్గొన్నవారిలో అత్యధికులు పందెగాండ్రు కారు. తొందరపడని రోడ్లను ఎంచి పటములు గీచుటయు, బసకు తావులు కుదుర్చుటయు ముందుగా జరిగినందున సామాన్యునకు అసాధ్యము సాధ్యమైనది. ఆ మార్గమున నేటికిని యాత్రికులు పోవుచున్నారు. సాహసము మువ్వురిని దాటించినది. ఏర్పాటు వేలమందిని దాటించినది.

అట్టి ఏర్పాటు భారతదేశమున జరిగినచో తెలుగు పిల్లలు నేర్చు భూగోళ మెట్లుండునో ఊహింపవచ్చును. శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు సాగిన 44వ జాతీయ రహదారి దేశమున మిక్కిలి పొడవైనది. అది ఆదిలాబాదు వద్ద తెలుగునేలను ప్రవేశించును. సైకిలుపై వచ్చువాడు పెన్‌గంగను దాటి, నిర్మల ఘాటును దిగి, సోను వద్ద గోదావరిని చూచును. కామారెడ్డి, హైదరాబాదు గడచి, బీచుపల్లి వద్ద కృష్ణను, కర్నూలు వద్ద తుంగభద్రను, పామిడి వద్ద పెన్నను దాటును. పటములో నీలి గీతలుగా నుండిన నదులు త్రొక్కిన దినముల లెక్కతో మనస్సులో నిలుచును. నల్లరేగడినుండి ఎర్రనేలకు మారుట, ప్రత్తిచేలు పోయి వేరుసెనగ చేలు వచ్చుట, తెలుగు పలుకులోని యాస దినదినము మారుట, ఇవియన్నియు మోటారు బండి అద్దము వెనుకనుండి కనబడవు. కాలినడక కంటె త్వరితము, మోటారు కంటె నిదానము అగుటవలన సైకిలునకు ఈ లాభము దక్కినది.

దేశమును దాటుట అందరికి దొరకు భాగ్యము కాదు. కాని ఊరినుండి ఉన్నత పాఠశాలకు పోవుట అందరికి కావలసినదే. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిళ్లు కొనుటకు ధనమిచ్చు పథకము నారంభించెను. ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ దానిని పరిశీలించి, ఆ వయస్సునకు తగిన తరగతిలో బాలికల చేరిక సుమారు మూడవ వంతు పెరిగెనని తేల్చిరి. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న పల్లెలలో ఫలితము మరింత స్పష్టముగా కనబడెను. ఆంధ్రప్రదేశమునందును 'బడికొస్తా' అను పేరిట తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు పంచిరి. ఒంటరిగా పంపుటకు జంకు తల్లి, నలుగురితో కలిసి పోవుచున్న కుమార్తెను చూచి ధైర్యము తెచ్చుకొనును. ఆ నలుగురిలో గొలుసు జారినదాని కొరకు మిగిలిన మువ్వురు నిలుచుట ఎవరును నేర్పని సంప్రదాయము. వారు దాటునది మూడు కిలోమీటర్లే కావచ్చును. దేశమును దాటిన బృందమునకును వారికిని ధర్మ మొక్కటే.

ఇచట తల్లిదండ్రుల ఆక్షేపణ వినబడక మానదు. 'కర్మన్‌ఘాట్ రోడ్లమీద పిల్లలను సైకిళ్లపై పంపుమందురా?' అని వారడిగినచో ఆ భయమును తేలికగా కొట్టివేయరాదు. ఇన్నరు రింగు రోడ్డుపై బస్సులు, లారీలు, నీళ్ల ట్యాంకర్లు ఒరసికొనుచు పోవుచుండును. కూడళ్లపై వంతెనలు లేచినవి. వాటివలన మోటార్ల వేగము హెచ్చినది. వంతెన క్రింద మిగిలిన ఇరుకులో పాదచారియు, సైకిలువాడును, తోపుడు బండివాడును చోటు వెదకికొనవలెను. ఒకప్పుడు గంటకింత యని అద్దె సైకిళ్లిచ్చు దుకాణములు వీధి వీధిన నుండిన నగరమిది. 2023 అక్టోబరు 1వ తేదీన నగరమున సౌరఫలకముల పైకప్పు గల సైకిలు దారి ప్రారంభమైనది. నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు ప్రాంతములలో బాహ్య వలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల పొడవున సాగు ఆ దారి మెచ్చదగినదే. కాని అది నగరమునకు పడమట నున్నది. కర్మన్‌ఘాట్ పిల్లవాడు దానిపై సైకిలు త్రొక్కవలెనన్న మొదట సైకిలును మోటారు బండిలో పెట్టుకొని నగరమంతయు దాటవలెను. వ్యాయామమునకు దారి లభించినది. బడికి దారి లభింపలేదు.

బృందధర్మపు కొలత నగరమునకును వర్తించును. రోడ్డు మంచిదా కాదా యని నిర్ణయింపవలసినది దానిపై మిక్కిలి వేగముగా పోవు బండిని చూచి కాదు. మిక్కిలి నిదానముగా పోవు పిల్లవాడు క్షేమముగా చేరెనా యని చూచి. వంతెనకు కోట్లు వెచ్చించునపుడు, దాని ప్రక్కన రెండు మీటర్ల సైకిలు దారిని విడుచుట ఖర్చు పెంచుటగా తోచరాదు. బడుల చుట్టు, బడి మొదలగు వేళను, విడుచు వేళను మోటారు వేగమును తగ్గించుటకు ధనము కంటె సంకల్పము అవసరము. అధికారులకు ఈ మాటను వినిపింపవలసినవారు పౌరులే. వారిలో ఉపాధ్యాయుల మాటకు విలువ హెచ్చు.

రోడ్లు బాగుపడువరకు బడులు చేతులు ముడుచుకొని కూర్చుండనవసరము లేదు. చలికాలపు ఆదివారమున, తెల్లవారుజామున, వాహనములు పలుచగా నున్నపుడు, కర్మన్‌ఘాట్ నుండి ఇబ్రహీంపట్టణపు పెద్ద చెరువు వరకు పోవుట పై తరగతులవారికి సాధ్యమగు ప్రయాణమే. సాగరు రోడ్డున సుమారు పాతిక కిలోమీటర్లు. మొదట బడి ఆవరణలోను, పిమ్మట చుట్టుప్రక్కల వీధులలోను, ఆ తరువాత ఐదు, పది కిలోమీటర్లును అభ్యసించి, తల్లిదండ్రుల సమ్మతి పొంది, శిరస్త్రాణములు ధరించి, ముందొకరు వెనుకొకరు పెద్దలుండగా బయలుదేరవలెను. వెనుక నెమ్మదిగా ఒక వాహనము వచ్చుట మేలు. బ్రేకులు పరీక్షించుట, ట్యూబునకు అతుకు వేయుట ముందే నేర్పవలెను. చెరువు గట్టున కూర్చుండి, దానిని ఎవరు త్రవ్వించిరో, నీరెచటనుండి వచ్చునో, ఏ పొలములకు పారునో చెప్పిన పాఠమును ఆ పిల్లలు జన్మాంతము మరువరు. సైకిలు లేని పిల్లవానికి ఇంకొకరు తమదానిని వంతుగా ఇచ్చుట కూడ ఆ పాఠములో భాగమే.

ఆ ప్రయాణమున బహుమతి ఈయదలచిన ఉపాధ్యాయుడు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. మొదట చెరువు గట్టు ఎక్కినవానికి ఈయకుండుట మంచిది. పై తరగతి బాలుడొకడు, గాలి ఎదురు కొట్టుచుండగా, రొప్పుచున్న తమ్ముని వంటి చిన్నవానికి ముందు నిలిచి గాలిని తానోర్చుకొని కడపట చేరవచ్చును. వాని పేరు ముందుగా చదువవలెను. అప్పుడు తక్కిన పిల్లలు వెనుదిరిగి చూచుట నేర్చుకొందురు.

మనస్సును దిట్టపరచుకొనుమని కర్మన్‌ఘాట్ పేరు చెప్పుచున్నదట. తాను ముందు పోవుటకు కావలసిన దిట్టతనము కొంత. తన బలమును అదుపులో నుంచుకొని వెనుకవాని కొరకు నిలుచుటకు కావలసినది అంతకంటె హెచ్చు. కాశ్మీరమున బయలుదేరినను, కర్మన్‌ఘాట్‌న బయలుదేరినను, కడపటి చక్రము చేరునంతవరకు బృందము చేరినట్లు కాదు.